అమెరికా కార్డు బాకీ మాఫీ, ఇల్లినాయ్ పన్ను, మన విజయనగరం టాక్స్ ఆఫీసు: నా రివ్యూ

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు కోశానో కింద వస్తుంది, ముందు ఎవరికి పనికొస్తుందో చెప్తాను. అమెరికాలో ఉన్న మీ వాళ్లెవరైనా క్రెడిట్ కార్డు బాకీ సెటిల్మెంట్ చేసుకుని ఉంటే, దాని తాలూకు 1099-సి అనే కాగితం వచ్చి ఉంటే, పైగా అదే ఏడాది ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారి ఉంటే, ఆ పని తెలిసి చేసే ఆఫీసు విజయనగరంలో ఒకటుంది. ఒకటే ఉద్యోగం, ఒకటే ఊరు, ఒక్క డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కాగితం) అయితే మాత్రం అక్కడిదాకా వెళ్లక్కర్లేదు, డబ్బులు దండగ.

మూడు లాంతర్ల జంక్షన్ నుంచి కోట వైపు నడుస్తుంటే ఒక జిరాక్స్ షాపు, దాని పక్కన ఇరుకు మెట్లు, పైన ఆఫీసు. బోర్డు మీద ఐటీఆర్, జీఎస్టీ, టీడీఎస్, పాన్ కార్డు అని రాసి ఉంటుంది తప్ప అమెరికా మాట ఎక్కడా ఉండదు. కానీ జనవరి ఆఖరి నుంచి ఏప్రిల్ 15 దాకా సాయంత్రం ఏడు దాటాక వెళ్లి చూడండి, కుర్చీలన్నీ అమెరికా పిల్లల అమ్మానాన్నలతో నిండి ఉంటాయి, అందరి చేతుల్లో ఫోన్లు, అన్నిట్లో వీడియో కాల్, అవతల అప్పుడే నిద్ర లేచిన మొహాలు. పేరు రాయను, ఎందుకంటే ఇందులో పొగడ్తతో పాటు తిట్టు కూడా ఉంది. ఊళ్లో నలుగుర్ని అడిగితే చెప్పేస్తారు.

విషయం ఏంటంటే, మా తమ్ముడు ఇల్లినాయ్ రాష్ట్రంలో చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండేవాడు. ఉద్యోగం పోయింది, చేతిలో ఉన్న రెండు కార్డులూ నిండిపోయాయి, కొన్నాళ్లు కట్టడం ఆగిపోయింది. తర్వాత బ్యాంకులే ఫోన్ చేసి, ఇంత కడితే మిగతాది వదిలేస్తామన్నాయి. మొదటి కార్డులో 14,200 డాలర్లు ఉంటే 5,600 కట్టించుకుని 8,600 వదిలేశారు, అది ఆగస్టులో. రెండోదాంట్లో 11,400 ఉంటే 5,000 తీసుకుని 6,400 వదిలేశారు, అది నవంబరులో. ఈ మధ్యలో సెప్టెంబరు ఆఖర్లో వాడికి డల్లాస్‌లో కొత్త ఉద్యోగం దొరికి సామానంతా కార్లో వేసుకుని టెక్సస్ వెళ్లిపోయాడు. అప్పుల బాధ తీరిందని ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, పైడితల్లమ్మకి అమ్మ మొక్కు కూడా తీర్చింది. జనవరి వెళ్లేసరికి రెండు బ్యాంకుల నుంచీ రెండు 1099-సి ఫారాలు. రెండూ కలిపి 15,000 డాలర్లు, ఇది నీ ఆదాయం అని.

అమ్మ అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాకు కరెక్టే అనిపిస్తుంది. "బాకీ ఒగ్గీసినాక మల్లీ పన్నేటిరా? ఆడి చేతికి రూపాయొచ్చిందా?"

చేతికి రాలేదు. కానీ అమెరికా చట్టం చూసే తీరు వేరు. అప్పు తీసుకున్న రోజున అది ఆదాయం కాదు, తిరిగి కట్టాలి కాబట్టి పన్ను పడదు. ఎప్పుడైతే కట్టక్కర్లేదన్నారో ఆ క్షణాన అది లాభం కిందకి వస్తుంది. ఇది నిన్న మొన్న పెట్టింది కాదు, 1931లో కిర్బీ లంబర్ అనే కంపెనీ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పిన మాట, ఇప్పుడు చట్టంలోనే ఉంది. వదిలేసిన మొత్తం 600 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే బ్యాంకు 1099-సి ఇవ్వాలి, ఒక కాపీ అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి కూడా వెళ్తుంది. అంచేత కాగితం రాలేదనో, పాత అడ్రసుకి వెళ్లిపోయిందనో ఊరుకుంటే కుదరదు. ఏడాదో ఏడాదిన్నరో పోయాక సీపీ2000 అని నోటీసు వస్తుంది, అప్పుడు వడ్డీ కూడా కలుస్తుంది.

తమ్ముడు ముందు ఒక ఆన్‌లైన్ సర్వీసుకి ఇచ్చాడు. వాళ్ల పేరూ వద్దు. రిఫండ్ ఎక్కువ తెప్పిస్తాం అని రోజూ మెసేజులు పెట్టే రకం. వాళ్లు చేసిందేంటంటే, 15,000నీ తీసుకెళ్లి ఫెడరల్ రిటర్న్‌లో, అంటే కేంద్రానికి ఇచ్చే పన్ను లెక్కలో, ఆదాయంగా కొట్టేశారు, అదే 15,000ని ఇల్లినాయ్ రిటర్న్‌లో కూడా కొట్టేశారు, డ్రాఫ్ట్ పంపి సంతకం పెట్టు అన్నారు. ఇల్లినాయ్‌లో ఆదాయపు పన్ను అందరికీ ఒకటే రేటు, 4.95 శాతం. అంటే ఈ మాఫీ మీదే రాష్ట్రానికి 742 డాలర్ల చిల్లర. ఫెడరల్‌లో వాడు 22 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి అక్కడ ఇంకో 3,300. ఒక్క ప్రశ్న అడగలేదు వాళ్లు. నీ దగ్గర ఆస్తులెంత, అప్పులెంత, ఆ రోజు ఏ రాష్ట్రంలో ఉన్నావు, ఏదీ లేదు. పైగా ఆ డ్రాఫ్ట్‌లో తయారు చేసినవాళ్ల పేరుండాల్సిన చోట ఖాళీ. డబ్బు తీసుకుని రిటర్న్ తయారు చేసేవాళ్లకి ఐఆర్‌ఎస్ ఇచ్చే పీటిన్ నంబర్ ఉండాలి, వాళ్లు సంతకం కూడా పెట్టాలి. డబ్బులు తీసుకుని, నువ్వే చేసుకున్నట్టు పంపించేస్తామంటే అక్కడే లేచి వచ్చేయాలి. వాడు సంతకం పెట్టకుండా నాకు ఫోన్ చేశాడు, అలా నేను ఆ మెట్లెక్కాను.

లోపల ఇద్దరున్నారు. పెద్దాయన జీఎస్టీ చూస్తారు, అమెరికా పని ఆయన కోడలు చూస్తుంది. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఇదే పని చేసే కంపెనీలో ఉండి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చిందట, ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష పాసైంది. ఐఆర్‌ఎస్ పెట్టే పరీక్ష అది. నేను ఫారాలు టేబుల్ మీద పెట్టగానే మొత్తం ఎంత అని చూడలేదు. పెన్సిల్ తీసి రెండిట్లోనూ బాక్స్ 1 చుట్టూ గుండ్రం గీసింది. అందులో ఉండేది తేదీ. "అక్కా, ఈ తేదీకి తమ్ముడు ఏ ఇంట్లో పడుకున్నాడో చెప్పండి, తర్వాత మిగతాది చూద్దాం" అంది. నాకు ఈ ఆఫీసు మీద నమ్మకం కుదిరింది అక్కడే.

దాని వెనక లెక్క ఇది. ఫెడరల్ పన్నుకి ఎక్కడున్నా ఒకటే. రాష్ట్రం పన్నుకి అలా కాదు, మాఫీ జరిగిన రోజున నీ నివాసం ఏ రాష్ట్రమో మామూలుగా ఆ రాష్ట్రానిదే ఆ ఆదాయం. కార్డు బాకీకి ఇల్లూ పొలం లాగా ఒక ఊరుండదు కదా, మనిషి ఎక్కడుంటే అదీ అక్కడే. ఇల్లినాయ్‌లో కొన్నాళ్లుండి వెళ్లిపోయిన వాళ్లకి షెడ్యూల్ ఎన్‌ఆర్ అని వేరే కాగితం ఉంది, అందులో అక్కడున్నన్నాళ్ల ఆదాయం మాత్రమే చూపిస్తారు. ఆగస్టు మాఫీ ఇల్లినాయ్‌ది. నవంబరు మాఫీ నాటికి వాడు టెక్సస్ మనిషి, టెక్సస్‌లో జీతగాళ్లకి రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. అంటే ఆ 6,400 మీద రాష్ట్రానికి సున్నా. ఆన్‌లైన్ వాళ్లు ఇల్లినాయ్‌కి ధారాదత్తం చేసిన 15,000లో దాదాపు సగం అక్కడ ఉండనే కూడదు.

కానీ అంత తేలిగ్గా వదల్లేదు ఆ అమ్మాయి. రెండో కార్డు ఒప్పందం కుదిరింది సెప్టెంబరు మొదట్లో, వాడు నేపర్‌విల్‌లో ఉండగానే. డబ్బు మాత్రం మూడు వాయిదాల్లో కట్టాడు, ఆఖరిది నవంబరులో. ఒప్పందం రోజు మాఫీనా, ఆఖరి వాయిదా రోజు మాఫీనా? బాక్స్ 1లో నవంబరు తేదీ ఉంది సరే, బ్యాంకు వేసిన తేదీని గుడ్డిగా పట్టుకుంటే రేపు ఎవరైనా అడిగితే చూపించేందుకు ఏం లేదు, సెటిల్మెంట్ లెటర్ తెప్పించండి అంది. తెప్పించాం. అందులో ఒక వాక్యం ఉంది, వాయిదాలన్నీ చెల్లించిన తర్వాతే మిగతా బాకీ రద్దవుతుందని, ఒక్కటి తప్పినా మొత్తం బాకీ తిరగబడుతుందని. ఆ వాక్యం కింద స్కేలు పెట్టి గీత గీసి ఫైల్లో పెట్టుకుంది. దాంతో పాటు డల్లాస్ ఇంటి అద్దె ఒప్పందం, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్, అక్కడి అడ్రసుతో వచ్చిన మొదటి జీతం స్లిప్పు, నేపర్‌విల్ ఇల్లు ఖాళీ చేసినట్టు ఓనరు పంపిన మెయిల్. మావాడు విసుక్కున్నాడు, ఇన్నెందుకే అక్కా అని. చచ్చినట్టు పంపాడు.

ఇక అసలు టెన్షన్ ఇక్కడ మొదలైంది. మాఫీ అయినా పన్ను కట్టక్కర్లేని దారులు కొన్ని ఉన్నాయి. దివాలా కోర్టుకి వెళ్లి అక్కడ రద్దయితే పూర్తిగా పన్ను లేదు. కోర్టుకి వెళ్లకపోయినా, మాఫీకి సరిగ్గా ముందు క్షణంలో నీ అప్పులు నీ ఆస్తుల కంటే ఎక్కువ ఉంటే, ఎంత ఎక్కువో అంతవరకు పన్ను ఉండదు. దానికి ఫారం 982 వేయాలి. ఆ లెక్క ఎలా వేయాలో ఐఆర్‌ఎస్ వాళ్ల పబ్లికేషన్ 4681లో పెద్ద పట్టికే ఉంది. ఆ అమ్మాయి దాన్ని ప్రింటు తీసి తెలుగులో పక్కన రాసి ఇస్తుంది, అమ్మానాన్నలకి కూడా అర్థమవ్వాలని. ఇది నాకు చాలా నచ్చింది. ఆస్తులంటే బ్యాంకులో ఉన్నదొక్కటే కాదు. కారు ఇప్పుడు అమ్మితే వచ్చే ధర, ల్యాప్‌టాప్, సామాను, ముట్టుకోవడానికి వీల్లేని 401(కె) పింఛను డబ్బు కూడా. అప్పుల్లో కార్డులు, కారు లోను, స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు.

మొదటి కార్డు నాటికి అప్పులు 47,600, ఆస్తులు 32,600. తేడా 15,000. మాఫీ 8,600 మొత్తం అందులో ఇమిడిపోతుంది, ఇల్లినాయ్‌కీ రూపాయి కట్టక్కర్లేదు అని నేను మనసులోనే పండగ చేసుకుంటుంటే, ఆ అమ్మాయి తలెత్తి, "ఇండియాలో తమ్ముడి పేరు మీద ఏవైనా ఉన్నాయా అక్కా?" అంది.

ఉంది. భోగాపురంలో సైటు. ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట మొదలైన రోజుల్లో నాన్న కొన్నది, అమ్మ పేరూ తమ్ముడి పేరూ కలిపి రిజిస్ట్రేషన్ చేయించారు. కొన్నప్పుడు ఎంతో, ఇప్పుడెంతో మన జిల్లాలో చిన్న పిల్లల్ని అడిగినా చెబుతారు. అమెరికా అప్పుకీ భోగాపురం సైటుకీ సంబంధం ఏంటని అమ్మ గట్టిగానే అడిగింది. సంబంధం ఉంది, ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కలోకి వస్తుంది, అదీ కొన్న ధర కాదు, ఇవాళ్టి మార్కెట్ ధర. పక్కన కూర్చున్న ఎవరో ఉచిత సలహా పడేశారు, చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది అని. ఆ అమ్మాయి ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. "నా నంబర్‌తో నేను సంతకం పెడుతున్నానండీ, అది రాయకపోతే ఫారం నేను చెయ్యను" అని నాతోనే అంది. తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ, ఆ వరసలో ఈమధ్య అమ్మిన రెండు సైట్ల ధరలు తెప్పించి, మధ్యస్థంగా ఒక రేటు వేసింది. తమ్ముడి సగం వాటా సుమారు 10,400 డాలర్లయింది.

ఆస్తులు 43,000కి పెరిగాయి, తేడా 4,600కి దిగింది. కాబట్టి 8,600లో 4,600కి పన్ను లేదు, 4,000కి ఉంది. సరే, నవంబరు కార్డు సంగతి? అదే తేడాని మళ్లీ వాడుకోవచ్చనుకుంటారు చాలామంది, కుదరదు. ప్రతి మాఫీకీ విడిగా, ఆ రోజు పరిస్థితి చూసి లెక్క వేయాలి. ఆగస్టులో 8,600 అప్పు పోయింది కదా, దాంతో వాడి పరిస్థితి మెరుగుపడింది, నవంబరు నాటికి ఆస్తులే ఎక్కువ. అంచేత 6,400 మొత్తం ఫెడరల్‌లో ఆదాయమే. బాధగా ఉన్నా లెక్క లెక్కే. మొత్తం మీద ఫెడరల్‌లో పన్ను పడింది 15,000 మీద కాదు, 10,400 మీద. ఆ భాగం పన్ను 3,300 నుంచి 2,288కి తగ్గింది. ఇల్లినాయ్‌లో ఆ 4,000 మీద మాత్రమే, 198 డాలర్లు. 742 ఎక్కడ, 198 ఎక్కడ. సైటు దాచిపెట్టి ఉంటే ఇంకొంచెం మిగిలేది, కానీ తర్వాత పట్టుబడితే వీసా ఉన్న మనిషికి ఆ తలనొప్పి పన్నుతో పోయేది కాదు.

ఇల్లినాయ్‌లో 4,000కే ఎందుకు పడిందంటే, ఆ రాష్ట్రం లెక్క ఫెడరల్ మొత్తం ఆదాయం అంకెతో మొదలవుతుంది. ఫారం 982తో పైన తీసేసిన 4,600 ఆ అంకెలోకి రానే రాదు, కాబట్టి రాష్ట్రంలోనూ దానంతట అదే పోయింది. అమెరికాలో చాలా రాష్ట్రాలది ఇదే పద్ధతి. కొలరాడో లాంటివి ఇంకో మెట్టు కిందనున్న అంకె, అంటే తగ్గింపులన్నీ పోగా పన్ను పడే ఆదాయం, అక్కడి నుంచి మొదలెడతాయి, ఫలితం దాదాపు ఒకటే. కొన్ని రాష్ట్రాలు ఫెడరల్ చట్టాన్ని ఒక పాత తేదీ దగ్గర ఆపేసి పాటిస్తాయి, అక్కడ ఫెడరల్ చట్టంలో కొత్తగా వచ్చిన మినహాయింపు రాష్ట్రంలో వర్తించకపోవచ్చు. ఇళ్ల అప్పు మాఫీ విషయంలో కాలిఫోర్నియాలో అదే జరిగింది, 2013 తర్వాత ఫెడరల్ మినహాయింపు కొనసాగినా ఆ రాష్ట్రం ఇవ్వలేదు. ఫెడరల్‌లో లేదు కాబట్టి రాష్ట్రంలోనూ లేదు అని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెబితే, ఏ రాష్ట్రం అని ఒకసారి అడగండి.

దీనికి పూర్తి తిరగబడ్డ కేసు ఆ ఆఫీసులోనే చూశాను. గరివిడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, వాళ్లమ్మాయి పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది, అంటే పెన్సిల్వేనియా. ఆ రాష్ట్రం ఫెడరల్ అంకెని పట్టించుకోదు, తనకంటూ ఎనిమిది రకాల ఆదాయాలు రాసిపెట్టుకుంది, జీతం, వడ్డీ, డివిడెండు, వ్యాపారం, అద్దె ఇలా. అందులో ఏదో ఒకదాంట్లోకి వస్తేనే 3.07 శాతం పన్ను. ఇంటి ఖర్చులకి వాడుకున్న కార్డు బాకీ మాఫీ ఆ ఎనిమిదింట్లో దేంట్లోనూ పట్టదు. ఆ పిట్స్‌బర్గ్ అమ్మాయికి అప్పుల కంటే ఆస్తులు ఎక్కువున్నాయి కాబట్టి ఫెడరల్‌లో మొత్తం పన్ను పడింది, రాష్ట్రంలో మాత్రం ఏమీ లేదు. అదే కార్డు వ్యాపారానికి వాడి ఉంటే కథ వేరు, అప్పుడు వ్యాపార ఆదాయం కిందకి వస్తుంది. పెద్దాయన ఈ మాటే ముగ్గురితో ధ్రువీకరించుకుని మరీ లేచారు, ఆయన్ని తప్పు పట్టలేం.

మనకి ఇక్కడ ఈ రాష్ట్ర ఆదాయపు పన్ను అనేది అలవాటు లేని సంగతి కదా. ఆంధ్రాలో జీతం మీద రాష్ట్రం తీసుకునేది ప్రొఫెషన్ టాక్స్, 20,000 దాటిన జీతానికి నెలకి 200 రూపాయలు, స్లిప్పులో ఓ మూల ఉంటుంది, ఎవరూ చూడరు. అలాగే మన దగ్గర జీతగాడు సొంత ఖర్చులకి వాడుకున్న కార్డు బాకీని బ్యాంకు సెటిల్ చేసుకుంటే ఇది నీ ఆదాయం అని ఫారం పంపరు, దెబ్బ సిబిల్ రిపోర్టులో తగులుతుంది, సెటిల్డ్ అని పడి ఏళ్ల తరబడి ఇంటి లోను అడిగినప్పుడల్లా అడ్డం వస్తుంది. అందుకే సెటిల్మెంట్ ఫోన్ వచ్చినప్పుడు మన పిల్లలకి పన్ను మాట తట్టదు. 60 శాతం వదిలేశారని సంబరపడేముందు, ఆ వదిలేసిన దాంట్లో ఫెడరల్‌కి ఎంత, రాష్ట్రానికి ఎంత అని లెక్క వేసుకుంటే అసలు లాభం ఎంతో తెలుస్తుంది. తమ్ముడికి పన్ను పోను కూడా లాభమే మిగిలింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఒక నక్షత్రం ఎందుకు కోశానో. మొదటిది ఫీజు. మొదట 7,500 రూపాయలు అన్నారు. మధ్యలో, ఇల్లినాయ్ రిటర్న్ వేరే అండీ, దానికి 2,500 అన్నారు. రెండు రాష్ట్రాల కేసు అని మొదటి రోజే చెప్పాను, అప్పుడే చెప్పొచ్చుగా. చేసిన పనికి 10,000 ఎక్కువని నేననను, కానీ ముందు ఒక మాట తర్వాత ఒక మాట బాగుండదు. పెద్దాయనతో అదే అంటే, "మీరు అలా అనుకుంటే ఎలాగమ్మా" అని నవ్వేశారు, తగ్గించలేదు. రసీదు కూడా అడిగితేనే ఇస్తారు.

రెండోది ఇంకా ముఖ్యం. పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ నంబర్, బ్యాంకు వివరాలు అన్నీ వాట్సాప్‌లో పెట్టేయమంటారు, అందరూ పెట్టేస్తున్నారు కూడా. ఆఫీసులో కుర్రాడి ఫోన్లో ఎంతమంది అమెరికా పిల్లల నంబర్లున్నాయో దేవుడికే తెలియాలి. నేను ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్ పెట్టిన ఫైల్ మెయిల్లో పంపించి, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పాం. మీరూ అలాగే చెయ్యండి, వాళ్లు మొహం మాడ్చుకున్నా పర్లేదు. రిటర్న్ కాపీలు కింద జిరాక్స్ షాపులో తీయిస్తుంటారు, అదీ నాకు నచ్చలేదు, మన కాగితం మనమే తీసుకెళ్లి ఎదురుగా తీయించుకోవాలి.

మూడోది చిన్నది. మార్చి ఆఖర్లో ఫోన్ ఎత్తరు. ఎన్నిసార్లు చేసినా అంతే. మెట్లెక్కి వెళ్తే మాత్రం కాదనకుండా కూర్చోబెట్టి మాట్లాడతారు, టీ కూడా ఇస్తారు, కానీ శ్రీకాకుళం నుంచో పాలకొండ నుంచో వచ్చేవాళ్లు ఊరికే వచ్చి తిరిగి వెళ్లాలా?

వెళ్లేవాళ్లు ఇవి పట్టుకెళ్లండి: 1099-సి ఫారాలు, అందులో బాక్స్ 1 తేదీ, బాక్స్ 2 మొత్తం, బాక్స్ 6లో ఒక అక్షరం ఉంటుంది, ఒప్పందం ద్వారా మాఫీ అయితే ఎఫ్ అని. బాక్స్ 2 అంకె మీ సెటిల్మెంట్ లెటర్‌తో కలుస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి, కలవకపోతే ముందు బ్యాంకుకి రాయాలి, టాక్స్ ఆఫీసు ఏం చెయ్యలేదు. మాఫీ తేదీకి ముందు నాటి బ్యాంకు స్టేట్‌మెంటు, లోన్ల బాకీలు, 401(కె) స్టేట్‌మెంటు. ఇక్కడ సైటు, పొలం, బంగారం, ఎఫ్‌డీ ఏదైనా పిల్లల పేరు మీదుంటే దాని కాగితాలు. ఫారం 982 వేసినవాళ్లు ఆ లెక్కల కాగితం పారేయకండి. పన్ను లేకుండా వదిలిన మొత్తానికి బదులుగా ఆస్తుల కొనుగోలు విలువని తగ్గించుకోవాల్సి రావచ్చు, రేపు ఆ సైటు అమ్మినప్పుడు అమెరికా లెక్కలో అది అవసరపడుతుంది. మాకు ఆ అమ్మాయి ఇదంతా ఒక కాగితం మీద రాసి భోగాపురం దస్తావేజు కవర్లోనే పెట్టేయమంది, అలాగే పెట్టాం.

ఏప్రిల్ 15కి అందకపోతే ఫారం 4868 వేసి అక్టోబరు 15 దాకా గడువు తెచ్చుకోవచ్చు, అది కాగితాలకే, డబ్బు మాత్రం ఏప్రిల్‌లోనే కట్టేయాలి. మే తర్వాత వెళ్తే ఆ అమ్మాయికి తీరిక ఉంటుంది, ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెబుతుంది. అక్టోబరు దాకా మాత్రం ఆగకండి, సిరిమానోత్సవం కూడా చాలా ఏళ్లు అప్పుడే పడుతుంది, ఆ మంగళవారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు, ఆఫీసుకి తాళం.